రూము బాగుంది, బుక్ చేసిన సైటుతోనే తంటా (5కి 2 స్టార్లు)

పోయిన నెల మనవడి పుట్టువెంట్రుకలకని మా మేనమామ వాళ్లు అనంతపురం నుంచి 11 మంది దిగారు. తిరుపతి బైరాగిపట్టెడలో మాది రెండు గదుల ఇల్లు, ఎంత సర్దుకున్నా నలుగురికి మించి పట్టదు. బస్టాండు దాకా నడిచి వెళ్లి లాడ్జీల్లో అడిగితే పోయేది, బద్ధకించి ఫోన్లో ఒక హోటల్ బుకింగ్ సైటు తెరిచాను. పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలానే ఉన్నాయి.

రూము సంగతి ముందే చెప్పేస్తా. ఫోటోలో ఉన్నట్టే ఉంది, తెల్లవారుజామున 4 గంటలకి కూడా వేడినీళ్లు వచ్చాయి, లిఫ్టు పనిచేసింది. రేటులో దాపరికం లేదు. నా గొడవంతా సైటుతోనే.

తెరవగానే సగం స్క్రీను మూసేస్తూ 'మీ ప్రైవసీ మాకు ముఖ్యం' అంటూ కుకీలకి ఒప్పుకోమనే పెట్టె ఒకటి వచ్చింది. కుకీ అంటే సైటు మన ఫోన్లో పెట్టిపోయే చిన్న గుర్తు. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అని అరచేయంత పచ్చ బటన్, దాని కింద కళ్లు చికిలించి చూస్తే గానీ కనపడని బూడిదరంగు అక్షరాల్లో 'ఎంపికలు మార్చుకోండి'. పక్కన మామ "తొందరగా కానీరా అబ్బోడా, రూములు అయిపోతాయి" అంటుంటే ఎవరైనా ఏం నొక్కుతారు? పచ్చదే నొక్కాను. మర్నాటి నుంచి పేపరు చదివినా, క్రికెట్ స్కోరు చూసినా, గుత్తివంకాయ కూర ఎట్లా చేయాలో వెతికినా 'తిరుపతిలో చవక రూములు' అనే ప్రకటనే. తిరుపతిలో పుట్టి పెరిగినోడికి తిరుపతిలో రూము! మా ఆవిడైతే నేను ఇల్లు వదిలి పోయే ఏర్పాట్లలో ఉన్నానేమో అని నవ్వింది.

కుకీ అనేదే తప్పని నేననను. గుడి బయట చెప్పులు పెడితే టోకెన్ ఇస్తారు కదా, అలాంటిదే ఇది కూడా. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసిన లూ మాంటుల్లి తయారుచేసినప్పుడు దీని పని అంతే: ఇప్పుడొచ్చింది ఇందాకటి మనిషేనని సైటు గుర్తుపట్టాలి, లేకపోతే పేజీ మారినప్పుడల్లా మళ్లీ లాగిన్ అవ్వాలి. తంటా అంతా థర్డ్ పార్టీ కుకీలతో, అంటే మనం తెరిచిన సైటువి కాకుండా ప్రకటనల కంపెనీల్లాంటి బయటివాళ్లు పెట్టేవాటితో. గాంధీ రోడ్డులో ప్రతి కొట్టు ముందూ ఒకే మనిషి పుస్తకం పట్టుకుని నిలబడి, ఈయన ఇక్కడ రూము అడిగాడు, అక్కడ వంకాయలు బేరమాడాడు అని రాసుకుంటూ ఉంటే ఎట్లా ఉంటుంది? మీ పేరు తెలియకపోయినా వాడికి మీ టోకెన్ నంబరు తెలుసు, అది చాలు.

ఉండబట్టలేక లాప్‌టాప్‌లో అదే సైటు కొత్తగా తెరిచి, ఏ బటనూ నొక్కకుండా లెక్కపెట్టాను. అప్పటికే 23 కుకీలు పడి ఉన్నాయి, అందులో సైటు సొంత పేరు మీద ఉన్నవి 6, మిగతా 17 బయటివాళ్లవి. ఇంక అడగడం దేనికి? ఒకదాని గడువు 400 రోజులు, క్రోమ్ బ్రౌజర్ ఒప్పుకునే గరిష్ఠ పరిమితి అదే. ఎంపికల్లోకి వెళ్తే వేలు నొప్పి పుట్టేంత పొడుగు 'భాగస్వాముల' జాబితా, కొన్నింటికి స్విచ్ ముందే ఆన్‌లో ఉంది. ముందే టిక్కు పెట్టి ఉంచితే అది సమ్మతి కాదని యూరప్ న్యాయస్థానం 2019లోనే తేల్చింది. ఒప్పుకోవడం ఒక్క నొక్కుడు, వద్దనడం నాలుగైదు నొక్కుళ్లు పెట్టినందుకే 2022 జనవరిలో ఫ్రాన్స్ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది.

కస్టమర్ కేర్ చాట్‌లో 'నా సమ్మతి వెనక్కి తీసుకోవాలి, ఎలా?' అని అడిగాను. 'సార్, కాష్ క్లియర్ చేసుకోండి' అని జవాబు, అంటే బ్రౌజర్ దాచుకున్నవి నన్నే తుడిచేసుకోమని. మన 2023 డేటా రక్షణ చట్టంలో సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని రాశారు. కాకపోతే నిబంధనలు వచ్చింది 2025 నవంబరులో, ఈ భాగం అమలుకి అక్కడి నుంచి 18 నెలల గడువు. ఈలోగా కాష్ క్లియర్ చేసుకుంటూ ఉండాలన్నమాట.

ఐఫోన్లో ఉండే సఫారీ బ్రౌజర్ వాడేవాళ్లకి థర్డ్ పార్టీ కుకీలు 2020 నుంచే బంద్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 2022 నుంచి ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే పెడుతోంది. తీసేస్తామని 2020లో చెప్పిన క్రోమ్ మాత్రం 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది, కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే బ్లాక్ చేయాలి. నేను చేసి, అదే సైటులో ఇంకో రాత్రికి రూము పొడిగించాను. లాగిన్, పేమెంటు, రసీదు అన్నీ మామూలుగానే జరిగాయి. మరి ఆ 17 ఎందుకు? కుకీలు చూసి రేటు పెంచుతారంటారు గానీ, పాత కుకీలు వాడని ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినా నాకు అదే రేటు కనిపించింది, లేని నింద వేయను.

ఇదంతా చెప్తే మామ "లాడ్జీలో ఆధార్ జిరాక్స్ ఇచ్చి వచ్చినాం, దానికి లేని టెన్షన్ ఈ కుకీకి ఏందిరా?" అన్నాడు. నిజమే, జిరాక్స్ సంగతి నాకూ నచ్చదు. కానీ అది ఏ కౌంటర్లో ఎవరి చేతికిచ్చామో తెలుసు, వెళ్లి అడగొచ్చు.

రెండు స్టార్లూ బుకింగ్ సరిగ్గా జరిగినందుకు. వద్దనే బటన్ కూడా పచ్చదాని పక్కనే, అంతే సైజులో పెడితే ఇంకో రెండు వేస్తా.