ప్రొఫెసర్ ప్రాజెక్టా, సొంత ఫెలోషిప్పా?

యూరప్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వెతికేవాళ్లకు ప్రధానంగా రెండు దారులు. ప్రొఫెసర్ ప్రాజెక్టుకు వచ్చిన గ్రాంటులో (పరిశోధన నిధుల్లో) ఖాళీ పడితే సీవీ పంపడం, లేదా యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ లాంటి ఫెలోషిప్‌కు సొంత ప్రతిపాదన రాయడం.

మొదటిది త్వరగా తేలిపోతుంది. బయాలజీ, కెమిస్ట్రీ వాళ్లకు అనువు. కాకపోతే గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అంతే.

మేరీ క్యూరీకి గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో, ఫలితాలు ఫిబ్రవరిలో. అన్నాళ్లూ టెన్షనే. పైగా గడువుకు ముందు 36 నెలల్లో, వెళ్లాలనుకునే దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు. జర్మనీలో పీహెచ్‌డీ ఇప్పుడే ముగించి అక్కడే ఉందామంటే కుదరదు. చేర్చుకునే ప్రొఫెసర్‌ను ముందే ఒప్పించుకోవాలి. "మీ పేపర్లు నచ్చాయి" అనే మెయిల్ ఎవరూ పట్టించుకోరు. ఫలానా పేపర్లో తేలని ఫలానా ప్రశ్న ఎత్తితే కదులుతారు. చరిత్ర, సాహిత్యం వాళ్లకు ప్రాజెక్టు ఖాళీలు తక్కువ కాబట్టి నా ఓటు ఫెలోషిప్‌కే. సైన్సువాళ్లయితే రెండూ పెట్టండి, ముందొచ్చింది పట్టుకోండి.