‘డేజా డెడ్’: రంపం కోత తెలిసిన రచయిత్రి తొలి నవల

తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ చదివే పిల్లలు, ఎస్వీ యూనివర్సిటీ ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) విద్యార్థులు ఒక్క క్రైమ్ నవలైనా చదవాలనుకుంటే, కాతీ రైక్స్ రాసిన ‘డేజా డెడ్’ చదవాలి. 1997లో వచ్చింది. అప్పటికే ఆవిడ యాభైకి దగ్గర పడ్డ ప్రొఫెసర్. 1975లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, అమెరికాలోని షార్లెట్‌లో పాఠాలు చెబుతూ, కెనడాలోని క్యుబెక్ ప్రభుత్వ ల్యాబుకు ఎముకల కేసులు చూసేవారు. తర్వాతి రోజుల్లో రువాండా మారణహోమం మీద ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో సాక్ష్యం కూడా చెప్పారు. ల్యాబులో ఎముకల కేసులు చూసిన అనుభవం పుస్తకం నిండా ఉంది.

మాంట్రియల్‌లో ముక్కలు చేసిన ఓ స్త్రీ శవం దొరుకుతుంది. పాత కేసుకూ దీనికీ హంతకుడు ఒక్కడేనని కథానాయిక, ఎముకల నిపుణురాలు టెంపరెన్స్ బ్రెన్నన్ అంటుంది, డిటెక్టివ్ నమ్మడు. ఆమెకున్న ఆధారం ఎముకల మీది రంపం గుర్తులు. నవలకు ప్రాణం ఇదే. తెగిన కోత కన్నా, సగంలో ఆపేసిన గాడి ఎక్కువ చెబుతుంది. దాని అడుగూ రెండు గోడలూ మిగిలే ఉంటాయి కాబట్టి వెడల్పు కొలవొచ్చు. రంపం పళ్ళు అటూ ఇటూ వంచి ఉంటాయి గనక, గాడి సాధారణంగా బ్లేడు మందం కన్నా వెడల్పుగా వస్తుంది. కోత చివర విరిగి మిగిలిన ముల్లులాంటి ఎముక మొనను బట్టి రంపం ఏ వైపు నుంచి దిగిందో తెలుస్తుంది.

ఈ గీతలు ఎక్కువగా పాడయ్యేది శుభ్రం చేసేటప్పుడే. ముందు డీఎన్‌ఏ పరీక్షకి ముక్క తీసి పెట్టి, ఆ తర్వాత సబ్బు నీళ్ళలో సన్నని సెగ మీద ఓపిగ్గా మాంసం వదిలించాలి. తొందరపడి బ్లీచింగ్ వేసి ఉడికిస్తే ఎముక పైపొర లేచిపోతుంది. కత్తితో గీకితే కొత్త గీతలు పడతాయి, అవి హంతకుడివో మనవో చెప్పలేం.

ఎముకను బట్టి మనిషి ఎత్తు చెప్పే విదేశీ లెక్కల్ని మాత్రం ఇక్కడి ఎముకల మీద యథాతథంగా రుద్దకూడదు. అమెరికా తెల్లజాతి మగవాళ్ళకు ట్రాటర్, గ్లెజర్ అనే పరిశోధకులు కట్టిన సూత్రం ప్రకారం తొడ ఎముక పొడవును 2.38తో హెచ్చించి 61.41 కలిపితే ఎత్తు సెంటీమీటర్లలో వస్తుంది. 45 సెంటీమీటర్ల ఎముకకు సుమారు 168.5, అటూ ఇటూ మూడుంపావు. మనవాళ్ళకు మాత్రం భారతీయుల కొలతలతో కట్టిన సూత్రమే వాడాలి. శేషాచలం అడవిలో ఎముకలు దొరికితే అసలు మొదటి ప్రశ్నే వేరు: అవి మనిషి ఎముకలా, జంతువు ఎముకలా? గోళ్ళు ఊడిపోయిన ఎలుగుబంటి పంజా అచ్చం మనిషి చేతిలాగే ఉంటుంది. ఇక్కడి కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి కూడా. పైగా మన దగ్గర బ్రెన్నన్ లాంటి ఉద్యోగం విడిగా ఉండడం అరుదు. పోలీసులు ఎముకల్ని ఎక్కువగా ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్ల అభిప్రాయానికే పంపుతారు.

నచ్చనిది ఒకటుంది. బ్రెన్నన్ రాత్రిపూట ఒంటరిగా వెతకడానికి వెళ్తుంది. కథకు ఉత్కంఠ వస్తుందేమో గానీ, సాక్షి లేకుండా దొరికిన ఆధారాన్ని కోర్టులో డిఫెన్స్ లాయరు చీల్చి చెండాడతాడు. విద్యార్థులు అది నేర్చుకోకూడదు.

ఇంగ్లీషు సులువే. ఫ్రెంచి పేర్లు, వీధుల పేర్లు మొదటి యాభై పేజీలూ కాస్త తికమకపెడతాయి. ఇదే పాత్రతో 2005 నుంచి 2017 దాకా వచ్చిన ‘బోన్స్’ టీవీ సీరియల్ చూసినవాళ్ళకు ఈ బ్రెన్నన్ వేరే మనిషి అనిపిస్తుంది. వయసులో పెద్దది, తాగుడు మానేసి నిలబడ్డ మనిషి. సీరియల్ చూసినా సరే, పుస్తకం చదవండి.