వచ్చే ప్రో కెమెరాలో ఏది కోరుకోవాలి: పిక్సెళ్లా, గ్లోబల్ షట్టరా, స్టాక్డ్ సెన్సారా?

కొత్త ఫ్లాగ్‌షిప్ బాడీ (కంపెనీలో అన్నిటికంటే పై తరగతి కెమెరా) వస్తోందన్న కబురు పుట్టగానే ఫోటోగ్రాఫర్ల ఆశలు మూడు దారులు పడతాయి. కొందరికి 60 మెగాపిక్సెళ్లకు పైన కావాలి. కొందరికి 2023 చివర్లో సోనీ ఏ9 త్రీతో ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాల్లోకి తొలిసారి వచ్చిన గ్లోబల్ షట్టర్, అంటే సెన్సార్ మొత్తం ఒకేసారి వెలుగు పట్టే పద్ధతి, కావాలి. మిగిలినవారికి నికాన్ జడ్9, కానన్ ఆర్5 మార్క్ టూ, సోనీ ఏ1 టూ బాపతు 45-50 మెగాపిక్సెళ్ల స్టాక్డ్ సెన్సారే (పొరలు పేర్చి వేగం పెంచిన సెన్సార్) ఇంకొంచెం పదునెక్కి వస్తే చాలు. ఈ మూడూ ఒకే బాడీలో కుదరడం కష్టం. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. గోదావరి డెల్టాలో రాత్రి ముహూర్తాలు, సంక్రాంతి ప్రభలు, కోరింగ పక్షులు తీసేవారికి మూడోదే మేలు. దానికి కారణాలు స్పెక్ షీటులో కంటే మండపంలో బాగా తెలుస్తాయి.

ముందు సెన్సార్ చదివే వేగం సంగతి. మామూలు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో తెర కదలని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే సెన్సార్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది. చాలా మోడళ్లలో దీనికి 1/15 నుంచి 1/70 సెకను పడుతుంది. ఈలోగా వస్తువు కదిలితే నిటారు గీత వాలిపోతుంది. స్టాక్డ్ సెన్సార్‌లో పిక్సెళ్ల వెనకే మెమరీ, ప్రాసెసింగ్ పొరలు ఉంటాయి కాబట్టి జడ్9లో ఆ పని సుమారు 1/270 సెకనులో అయిపోతుంది. అందుకే దానికి మెకానికల్ షట్టరే పెట్టలేదు. గ్లోబల్ షట్టర్‌లో వరుసల గొడవే లేదు, పిక్సెళ్లన్నీ ఒకేసారి వెలుగును పట్టి ఒకేసారి ఆపుతాయి.

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభలు కౌశిక నది దాటే ఘట్టం తీసుకోండి. వెదురు చట్రానికి రంగుల నూలు చుట్టిన ఎత్తయిన ప్రభ మనుషుల భుజాల మీద ఊగుతూ వస్తుంటే మీరూ కెమెరా తిప్పుతూ తీస్తారు. నెమ్మది సెన్సార్‌లో సైలెంట్ షట్టర్ (అదే ఎలక్ట్రానిక్ షట్టర్) పెడితే ప్రభ ఒక పక్కకు ఒరిగినట్టు పడుతుంది, వెనక కొబ్బరిచెట్లూ వంగుతాయి. 1/270 వేగంలో ఆ వంపు కంటికి ఆనదు. అక్కడ గ్లోబల్ షట్టర్ అదనంగా ఇచ్చేది దాదాపు ఏమీ లేదు.

పెళ్లిళ్లలో సైలెంట్ షట్టర్ చప్పుడు లేకుండా ఉండటం కోసమే అనుకుంటారు. గట్టిమేళం మోగుతుంటే షట్టర్ చప్పుడు ఎవరికీ వినపడదు. అప్పగింతల్లో వినపడుతుంది. అసలు లాభం వేరే ఉంది: వ్యూఫైండర్ నల్లబడకుండా సెకనుకు 20, 30 ఫ్రేములు రావడం, షట్టర్ అరుగుదల లేకపోవడం. ప్రో బాడీల మెకానికల్ షట్టర్‌ను 5 లక్షల క్లిక్కుల దాకా పరీక్షిస్తారు. తలంబ్రాలకే బర్స్ట్ (ఆపకుండా వరుస క్లిక్కులు) మీద బర్స్ట్ వాడే చేతిలో ఆ లెక్క త్వరగానే కరుగుతుంది.

ఎల్‌ఈడీ వాల్ ముందు ఏది గెలుస్తుంది?

రిసెప్షన్ స్టేజీ మీద ఇప్పుడు పెద్ద సమస్య ఇదే, కాస్త ఆగి చూడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులు, చవక బల్బులు సెకనుకు 100 సార్లు ఎక్కువతక్కువలవుతాయి. 1/100 గానీ 1/50 గానీ పెడితే అవి లొంగుతాయి. స్టేజీ పార్ లైట్లు, ఎల్‌ఈడీ వాల్ అలా కాదు, వందల నుంచి వేల హెర్ట్జ్‌లలో ఆరి వెలుగుతుంటాయి. నెమ్మది సెన్సార్ వరుస తరువాత వరుస చదివేలోపు ఆ లైటు చాలాసార్లు ఆరి వెలుగుతుంది. పెళ్లికూతురి బుగ్గ మీద ఊదారంగు చారలు పడేది అందుకే. ఎడిటింగ్‌లో వాటిని తుడవడం నరకం.

గ్లోబల్ షట్టర్ ముఖం మీది చారలను పూర్తిగా తీసేస్తుంది. కానీ రెండు పనులు చెయ్యలేదు. మొదటిది, ఒక ఫ్రేము వెలుగుగా, తరువాతిది చీకటిగా రావడాన్ని ఆపలేదు, లైటు ఆరిన క్షణంలో తీస్తే మొత్తం ఫ్రేమే మసకబారుతుంది. రెండోది, ఎల్‌ఈడీ వాల్ తన వరుసలన్నిటినీ ఒకేసారి వెలిగించదు, వంతులవారీగా వెలిగిస్తుంది. అందుకని 1/1000 పెడితే గ్లోబల్ షట్టర్‌లోనూ వాల్ మీద నల్లపట్టీలు పడతాయి. ఆ తప్పు కెమెరాది కాదు, వాల్‌ది.

స్టాక్డ్ సెన్సార్‌తో ఈ పని ఇలా నడుస్తుంది. జంట స్టేజీ ఎక్కకముందే వాల్ ఆన్ చేయించి 1/100తో ఒక ఫ్రేము తీయండి. వ్యూఫైండర్‌లో పెద్దది చేసి ముందు తెల్లచొక్కా వేసుకున్న మనిషిని, తరువాత వాల్‌ను చూడండి. చారలుంటే మెనూలో హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ సెట్టింగ్ తెరవండి. సోనీలో దాన్ని వేరియబుల్ షట్టర్ అంటారు. అక్కడ షట్టర్‌ను దశాంశాల్లో జరుపుకుంటూ పోతే చారలు వెడల్పై, పలచబడి, ఒకచోట మాయమవుతాయి. ఆ అంకెను రాసిపెట్టుకోండి. లైట్‌మ్యాన్ వాల్ బ్రైట్‌నెస్ మార్చితే మళ్లీ చూసుకోవాలి, తగ్గించినకొద్దీ చారలు గట్టిపడతాయి. వాల్‌ను మరీ తగ్గించవద్దని ముందే చెప్పడం మంచిది.

గ్లోబల్ షట్టర్‌కు చెల్లించేది

ప్రతి పిక్సెల్ తన వెలుగును తనలోనే కాసేపు దాచుకోవాలి. ఆ దాచుకునే చోటు వెలుగు పట్టే చోటును తినేస్తుంది. ఏ9 త్రీ బేస్ ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే కనిష్ఠ స్థాయి) 250 దగ్గర మొదలవడానికి, 24.6 మెగాపిక్సెళ్ల దగ్గర ఆగడానికి మూలం ఇక్కడే ఉంది. ఎడిటింగ్‌లో నీడలు లేపితే (వెలుగు పెంచితే) మామూలు 24 మెగాపిక్సెళ్ల సెన్సార్ కంటే గ్రెయిన్ (ఇసకలాంటి నలుసులు) ముందుగా కనపడుతుంది. పగటి ఆటలు తీసేవారికి ఇది పట్టదు. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి ఐఎస్ఓ 3200, 6400 పెట్టి తీసేవారికి పడుతుంది. హోమం పొగ, మెరూన్ పట్టు, మెరిసే జరీ, చామనఛాయ ముఖాలు ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు నీడల్లో వివరం పోతే ముఖం బురదగా కనపడుతుంది.

ఫ్లాష్ విషయంలో మాత్రం గ్లోబల్ షట్టర్ గొప్పదే. ఏ షట్టర్ వేగంలోనైనా, 1/80000 దాకా ఫ్లాష్‌తో సింక్ అవుతుంది, అంటే ఫ్రేమంతటా ఫ్లాష్ వెలుగు పడుతుంది. కొబ్బరితోటలో మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్ అనుకోండి. ఐఎస్ఓ 250, లెన్స్ ద్వారం ఎఫ్ 2 పెడితే ఎండకు షట్టర్ 1/16000 కావాలి, నేరుగా ఫ్లాష్ కొట్టొచ్చు. అయితే అంత పొట్టి వేగంలో ఫ్లాష్ వెలుగులో కొంత ముక్కే సెన్సార్‌కు అందుతుంది, ఫుల్ పవర్‌లో ఫ్లాష్ అంతకంటే చాలాసేపు వెలుగుతుంది కదా. ఇదే పని మామూలు బాడీతో: ఐఎస్ఓ 100, ఎఫ్ 2కి 1/6400 కావాలి, సింక్ 1/200. తేడా సరిగ్గా ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). లెన్స్ ముందు వెలుగును 32వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 32 ఫిల్టర్ బిగిస్తే సరిపోయింది. ఫిల్టర్ ఫ్లాష్‌నూ తగ్గిస్తుంది కాబట్టి 200 వాట్-సెకన్ల స్ట్రోబ్‌ను (పెద్ద ఫ్లాష్‌ను) రెండు మీటర్లలోపు పెట్టుకోవాలి. ఒక్క ఫిల్టర్‌తో తీరే అవసరానికి సెన్సార్ నాణ్యతను వదులుకోమనడం న్యాయం కాదు.

పిక్సెళ్ల లెక్క ఆల్బమ్‌లోనే తేలుతుంది. మన పెళ్లి ఆల్బమ్ రెండు పేజీలు విప్పితే 12×36 అంగుళాలు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు, మొత్తం షీటుకు పరిస్తే అంగుళానికి 167. జడ్9 ఫోటో 8256 పిక్సెళ్లు, అంగుళానికి 229. చేతిలో పట్టుకుని చూసే షీటు మీద ఈ తేడా నగల పనిలో, కనురెప్పల్లో తెలుస్తుంది. ఇక 61 మెగాపిక్సెళ్లకు వెళితే వెడల్పు 9504, అంగుళానికి 264. 229 నుంచి 264కు పెరిగినది షీటు మీద వెతికినా దొరకదు. దానికి బదులు ఇచ్చేది చాలా పెద్దది: సోనీ ఏ7ఆర్ ఫైవ్ సెన్సార్‌ను ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చదవడానికి సుమారు 1/10 సెకను పడుతుంది. ఊగే ప్రభ ముందు, ఎల్‌ఈడీ వాల్ ముందు మెకానికల్ షట్టర్ తప్ప గతి లేదు. పైగా 45 మెగాపిక్సెళ్ల లాస్‌లెస్ రా ఫైలు (సెన్సార్ పట్టినదంతా పోకుండా దాచే ముడి ఫైలు) దాదాపు 50 ఎంబీ, ఒక పెళ్లికి 4,000 ఫ్రేములంటే 200 జీబీ. 61కి అది 300 దగ్గర తేలుతుంది.

కోరింగ మడల్లో, కొల్లేటి ఆటపాకలో పక్షులు తీసేవారి మాట వేరు. క్రాప్ చేయకుండా వారికి గడవదు. 1.5 రెట్లు క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్లు పదిన్నరకు పడిపోతాయి, 45 మెగాపిక్సెళ్ల జడ్9లో ఇంకా 19 మిగులుతాయి. అంతకు మించి పిక్సెళ్లు కోరేముందు ఒక సంగతి: ఎండెక్కాక చెరువుల మీద, బురదమేటల మీద గాలి సెగలా ఆడుతుంది. 600 ఎంఎం లెన్సులో దూరపు పక్షి ఈక కలిసిపోయేది ఆ గాలి వల్లే. 100 మెగాపిక్సెళ్లున్నా ఆ మసకనే ఇంకా వివరంగా పడుతుంది. దానికి మందు పొద్దున్నే వెళ్లడం, దగ్గరకు వెళ్లడం.

పక్షులు తీసేవారూ పెళ్లి ఫోటోలు తీసేవారూ కలిసి అడగాల్సింది ప్రీక్యాప్చర్. బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందటి క్షణాలు కూడా కార్డులోకి వస్తాయి. లకుముకి నీళ్లలోకి దూకడం చూసి నొక్కేసరికి అది పైకి వచ్చేసి ఉంటుంది, తలంబ్రాలు గాల్లో ఉన్న క్షణమూ అంతే. ఏ9 త్రీ, ఏ1 టూలలో ఒక సెకను వెనక్కి రా ఫైళ్లుగానే దొరుకుతాయి. కానన్ ఆర్1, ఆర్5 మార్క్ టూలలో అరసెకను, అవీ రా. జడ్9, జడ్8లలో ఒక సెకను దొరుకుతుంది గానీ జేపెగ్ మాత్రమే. పచ్చని పందిరి కింద వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడే రంగుల సర్దుబాటు) తప్పితే జేపెగ్‌లో సరిచేయడం కష్టం. నికాన్ వచ్చే బాడీలో తప్పనిసరిగా సరిచేయాల్సింది ఇదే.

పెద్ద బాడీయా, చిన్న బాడీయా అన్నదానికి సూటి లెక్క ఉంది. జడ్9 బ్యాటరీ, కార్డుతో 1,340 గ్రాములు, జడ్8 910. పెద్దదాని బ్యాటరీలో కరెంటు చిన్నదాని కంటే రెట్టింపు పైనే. కానీ రాత్రంతా నిలబడే చేతికి ఆ 430 గ్రాముల బరువు మణికట్టులో తెలుస్తుంది. మూడు చిన్న బ్యాటరీలు జేబులో వేసుకోవడం తేలిక. కార్డుల దగ్గర మాత్రం పెద్ద బాడీదే పైచేయి: జడ్9, ఆర్1లలో రెండు స్లాట్లూ వేగమైన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బీ కార్డులవి. జడ్8, ఆర్5 మార్క్ టూలలో ఒకటి ఎస్‌డీ. రెండు కార్డుల్లోనూ రా రాయిస్తే ఎస్‌డీ వేగానికే అంతా నెమ్మదిస్తుంది, బఫర్ (ఫోటోలు కార్డుకు చేరేలోపు ఆగే తాత్కాలిక మెమరీ) నిండి సరిగ్గా మంగళసూత్రం దగ్గర కెమెరా ఆగుతుంది. ఎస్‌డీకి జేపెగ్ పంపడమే దీనికి మార్గం. చిన్న బాడీలోనూ రెండు వేగమైన స్లాట్లు కావాలని గట్టిగా కోరుకోవాలి.

వాతావరణం గురించి కంపెనీలు చెప్పే మాట మన నేలకు చాలదు. జడ్9 మాన్యువల్‌లో పనిచేసే గరిష్ఠ వేడి 40 డిగ్రీలు, తేమ 85 శాతం. రోహిణి కార్తెలో రాజమండ్రి, వానాకాలపు పొద్దుల్లో కోనసీమ ఈ గీతలు దాటతాయి. 8కే వీడియో ఎక్కువసేపు తీసేవారు ఫ్యాన్‌గానీ పెద్ద బాడీగానీ కోరుకోవడం సబబే. ఫోటోలవారికి సెన్సార్ ముందు మూసుకునే షీల్డ్ ఎక్కువ మేలు చేస్తుంది. హోమం పక్కన లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేస్తే బూడిద, పుప్పొడి గాజు మీద పడవు. ఏసీ హాలు నుంచి బయటకు వచ్చినప్పుడు పట్టే చెమ్మకు మాత్రం ఏ సీలింగూ పనిచేయదు: బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచి, తరువాత తీయాలి. ఇంట్లో సిలికా జెల్ డబ్బాలోనో డ్రై క్యాబినెట్‌లోనో తేమ 40-50 శాతం మధ్య ఉంచకపోతే ఎంత ఖరీదైన లెన్సుకైనా బూజు పడుతుంది.

కొత్తది వచ్చేదాకా ఆగాలా, ఉన్నవాటిలో ఒకటి కొనాలా? చేతిలో నెమ్మది సెన్సార్ బాడీ ఉండి, ఎల్‌ఈడీ స్టేజీల పని ఎక్కువగా ఉంటే ఆగకండి, ఇప్పుడున్న స్టాక్డ్ బాడీలు ఆ సమస్యను తీర్చేశాయి. ధర తగ్గించుకోవాలని కొంతమేర మాత్రమే స్టాక్ చేసిన సెన్సార్ వైపు చూస్తే, నికాన్ జడ్6 త్రీలో లాగా తక్కువ ఐఎస్ఓలో నీడలు లేపినప్పుడు గ్రెయిన్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఇప్పటికే జడ్9గానీ ఏ1గానీ వాడుతున్నవారు ఆగొచ్చు. ప్రో బాడీ వచ్చిన రోజున పూర్తిగా తయారై ఉండదు. జడ్9 2021లో విడుదలైతే 8కే 60 ఫ్రేముల వీడియో 2022 ఏప్రిల్ ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) తో గానీ రాలేదు. కొత్త రా ఫైళ్లను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తించడానికీ కొంత వ్యవధి పడుతుంది.

కొనేటట్టయితే ఆషాఢంలోగానీ మూఢంలోగానీ కొనండి. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో ఫోకస్ మోడ్‌లు, బటన్లు చేతికి అలవాటవుతాయి, కార్డులూ బ్యాటరీలూ పరీక్షకు నిలుస్తాయి. శ్రావణంలో మొదటి రెండు మూడు పెళ్లిళ్లకు కొత్త బాడీని రెండో కెమెరాగా మెడలో వేసుకుని, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం పాతదానితోనే తీయండి.