ఫ్లెక్స్‌నెట్ లైసెన్స్ సర్వర్‌తో ఏళ్ల అనుభవం: పెట్టడం సులువు, మార్చడమే అసలు పని

సంస్థ కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సులను నెట్‌వర్క్ మీద వాడుకరులకు పంచే ఫ్లెక్స్‌నెట్ లైసెన్స్ మేనేజర్‌ను నేను ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ఈ రంగంలో పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ ఫ్లెక్స్‌ఎల్‌ఎం అనే పిలుస్తారు. డిజైన్, సిమ్యులేషన్ వంటి పనులకు వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు దీని మీదే నడుస్తాయి కనుక, సర్వర్లు చూసుకునేవారు నచ్చినా నచ్చకపోయినా ఎప్పుడో ఒకప్పుడు దీనితో వేగవలసిందే. మొదటిసారి లైసెన్స్ పెట్టడాన్ని బట్టి దీన్ని మెచ్చుకోవడమో తిట్టుకోవడమో తొందరపాటు అవుతుంది. గడువు దగ్గరపడినప్పుడు, పదుల మంది పని చేసుకుంటున్న సర్వర్ మీద, వారిలో ఎవరికీ అంతరాయం కలగకుండా కొత్త లైసెన్స్ ఎక్కించగలిగామా లేదా అన్నదే దీనికి సరైన కొలత. ఆ కొలతతో చూస్తే మంచి మార్కులే వేస్తాను కానీ, పూర్తి మార్కులు మాత్రం వేయలేను.

నాకు దీనిలో బాగా నచ్చినది, లైసెన్స్ అంతా చదవడానికి వీలైన మామూలు టెక్స్ట్ ఫైలులో ఉండటం. మొదటి వరుసలో సర్వర్ పేరు, దాని హోస్ట్ ఐడీ (ఆ యంత్రాన్ని గుర్తించే సంఖ్య), పోర్టు నంబరు ఉంటాయి. తరువాతి వరుస వెండర్ డీమన్‌ది, అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున సర్వర్‌లో నడుస్తూ లైసెన్సులు ఇచ్చే ప్రోగ్రాంది. ఆ కింద ఒక్కొక్క ఫీచర్‌కు (విడిగా లైసెన్స్ ఉండే సాఫ్ట్‌వేర్ భాగానికి) ఒక్కొక్క వరుస: ఫీచర్ పేరు, వెండర్ పేరు, వెర్షన్, గడువు తేదీ, ఎంతమంది వాడవచ్చో తెలిపే సంఖ్య, చివర పొడవాటి సంతకం. సర్వర్ పేరునూ పోర్టునూ మనం మార్చుకోవచ్చు. హోస్ట్ ఐడీని గానీ తేదీని గానీ ముట్టుకుంటే సంతకం చెల్లదు, మైనస్ 8 అనే ఎర్రర్ వస్తుంది. కొత్త ఫైలు చేతికి రాగానే పాత ఫైలును పక్కన తెరిచి, రెండింటినీ వరుస వరుసా పోల్చి చూస్తే పది నిమిషాలు పడుతుంది. మెయిల్ ప్రోగ్రాం పొడవాటి వరుసలను విరిచేసిందా, ఒక ఫీచర్ జారిపోయిందా, సంఖ్య తగ్గిందా అన్నవి అప్పుడే తేలిపోతాయి. ఏమీ చదవనివ్వకుండా లోపల దాచుకునే లైసెన్స్ పద్ధతుల్లో ఈ వెసులుబాటు లేదు.

అయితే ఫీచర్ వరుసలు రెండు రకాలు. ఒకటి ఫీచర్ అనే మాటతో, రెండవది ఇంక్రిమెంట్ అనే మాటతో మొదలవుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపించినా వాటి నడవడి వేరు. ఒకే పేరుతో అనేక ఇంక్రిమెంట్ వరుసలుంటే, వాటి వివరాలు కలిసేవైనప్పుడు సంఖ్యలన్నీ కూడుతాయి. ఫీచర్ వరుసలైతే మొదట కనబడినదే చెల్లుతుంది, మిగిలినవి ఉన్నా లేనట్టే. కాబట్టి పాత ఫైలు చివర కొత్త వరుసలను అతికిస్తే, ఫైలులో కొత్త తేదీ కళ్లెదుటే ఉంటుంది గానీ సర్వర్ పాత తేదీనే పట్టుకుని కూర్చుంటుంది. లైసెన్స్ దారిగా ఫైలుకు బదులు ఫోల్డర్‌ను చూపించినప్పుడు ఇది మరింత సూక్ష్మంగా జరుగుతుంది. ఆ ఫోల్డర్‌లో లిక్ (.lic) పొడిగింపు ఉన్న ఫైళ్లన్నింటినీ సర్వర్ అక్షర క్రమంలో చదువుతుంది. జాగ్రత్త కోసమని పాత ఫైలుకు నకలు తీసి అదే పొడిగింపుతో అక్కడే ఉంచితే, ఆ నకలే ముందు చదవబడి కొత్త దాన్ని మరుగున పడేయవచ్చు. పాతవాటిని వేరే ఫోల్డర్‌కు తరలించడం, లేదా కనీసం పొడిగింపు మార్చడం తప్పనిసరి.

సూపర్‌సీడ్ అనే మాట ఉన్న వరుసలు ఈ బెడదను చాలావరకు తీరుస్తాయి. ఆ వరుస జారీ అయిన తేదీకి ముందు జారీ అయిన అదే ఫీచర్ లైసెన్సులన్నీ చెల్లకుండా పోతాయి. అన్ని కంపెనీలూ దీన్ని వాడితే మా పని సగం తగ్గేది, కానీ వాడేవి కొన్నే. స్టార్ట్ తేదీ ఉన్న వరుసలను కూడా గమనించాలి. కొత్త లైసెన్స్ ఫలానా రోజు నుంచి మొదలవుతుందని ఉంటే, ముందుచూపుతో దాన్ని వారం ముందే ఎక్కించి పాతదాన్ని తీసేసినవారికి ఆ వారం పాటు ఏ లైసెన్సూ ఉండదు.

ఎక్కించిన తరువాత రీరీడ్ ఆదేశం ఇస్తే, డీమన్‌ను ఆపకుండానే కొత్త ఫైలు చదవబడుతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే మిగిలిన లోపాలను క్షమించవచ్చు అనిపిస్తుంది. కాకపోతే సర్వర్ వరుసలో పేరో పోర్టో మారినప్పుడు రీరీడ్ చాలదు, ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. కంపెనీ పంపిన కొత్త ఫైలులో వెండర్ డీమన్‌కు పోర్టు రాసి ఉండకపోవచ్చు. అప్పుడు డీమన్ తనకు తోచిన పోర్టును ఎంచుకుంటుంది, ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది. ఆ పోర్టును ఫైలులో చేత్తో స్థిరపరచి, మళ్లీ మళ్లీ మార్చకుండా ఉంచడం మేలు.

ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఫైలు చోటికి చేరింది, రీరీడ్ విజయవంతం అని తెర మీద వచ్చింది, ఇంకేం కావాలి? నా మాట ఏమిటంటే, ఫైలును నమ్మకూడదు, నడుస్తున్న సర్వర్‌నే అడగాలి. స్టాట్ ఆదేశాన్ని (lmstat) -a ఎంపికతో నడిపితే సర్వర్ ఏ ఫీచర్‌ను ఎన్ని లైసెన్సులతో చూస్తున్నదో, వాడుకలో ఉన్న ఫీచర్లకు వెర్షన్, గడువు ఏమిటో పట్టికగా ఇస్తుంది; -i ఎంపిక మాత్రం సర్వర్‌ను అడగకుండా లైసెన్స్ ఫైలునే చదివి చెబుతుంది. ఆ పట్టికలోని తేదీ మారితేనే లైసెన్స్ మారినట్టు. ఆ తరువాత ఒక వాడుకరి యంత్రం నుంచి సాఫ్ట్‌వేర్‌ను నిజంగా తెరిచి, లాగ్‌లో అవుట్ (లైసెన్స్ ఇచ్చాను) అన్న వరుస పడిందా, డినైడ్ (నిరాకరించాను) అన్న వరుస పడిందా చూడాలి.

లైసెన్స్ దొరకకపోతే వచ్చే ఎర్రర్ సంఖ్య విలువైన సమాచారం. మైనస్ 10 అంటే గడువు తీరింది. మైనస్ 18 అంటే ఆ ఫీచర్‌ను సర్వర్ ఎరగదు, కొత్త ఫైలును అది ఇంకా చదవలేదేమో చూడాలి. మైనస్ 21 కొంచెం తికమక పెడుతుంది, ఎందుకంటే గడువు తేదీ సరిగానే ఉంటుంది. ఫైలులోని వెర్షన్ అంకె ఆ లైసెన్స్ అనుమతించే గరిష్ఠ వెర్షన్‌ను చెబుతుంది, కొన్ని కంపెనీలు అక్కడ నిర్వహణ ఒప్పందం ముగిసే తేదీనే వెర్షన్‌గా రాస్తాయి. కొత్త విడుదలను ఇన్‌స్టాల్ చేసి లైసెన్స్‌ను పాతదే ఉంచితే ఈ ఎర్రర్ ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌కు ముందు లైసెన్స్‌ను మార్చాలే గానీ తరువాత కాదు.

వాడుకరి యంత్రాల సంగతి విసుగు పుట్టిస్తుంది. ఒకసారి వాడిన సర్వర్ చిరునామాను లినక్స్‌లో హోమ్ డైరెక్టరీలోని దాపు ఫైలులోనూ, విండోస్‌లో రిజిస్ట్రీలోనూ ఇది గుర్తు పెట్టుకోగలదు. సర్వర్ మారినా ఆ పాత చిరునామా మిగిలిపోయి, సాఫ్ట్‌వేర్ ముందు దాన్ని వెతికి, దొరక్క, ఆ తరువాతే కొత్తదాని దగ్గరకు వస్తుంది. ఫలితంగా తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, నింద మాత్రం నెట్‌వర్క్ మీద పడుతుంది. వర్చువల్ మెషీన్‌లో లైసెన్స్ సర్వర్ నడిపేవారు మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను) స్థిరంగా కేటాయించుకోవాలి, ఎందుకంటే హోస్ట్ ఐడీ సాధారణంగా అదే. క్లోన్ చేస్తే మ్యాక్ మారుతుంది, హోస్ట్ ఐడీ సరిపోలలేదనే మైనస్ 9 ఎర్రర్ మొదలవుతుంది.

మూడు సర్వర్ల ఏర్పాటును నేను సిఫారసు చేయను. మూడింటిలో రెండు నడుస్తుంటే చాలు గానీ, ప్రతి నవీకరణలోనూ మూడుచోట్లా ఒకే ఫైలు ఉండేలా చూసుకోవాలి. నా అనుభవంలో ఒక్క వర్చువల్ మెషీన్, దానికి మంచి బ్యాకప్ అంతకన్నా నయం.

పోలిక కోసం మైక్రోసాఫ్ట్ కేఎంఎస్‌ను (విండోస్, ఆఫీస్‌లను సంస్థలోని సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసే పద్ధతిని) తీసుకుంటే, అక్కడ వాడుకరి వైపు పని దాదాపు లేదు. యంత్రాలు పోర్టు 1688 మీద తమంతట తామే సర్వర్‌ను అడుగుతాయి, 7 రోజులకోసారి పునరుద్ధరణకు ప్రయత్నిస్తాయి, ఒకసారి పొందిన యాక్టివేషన్ 180 రోజులు చెల్లుతుంది. కనీసం 25 క్లయింట్లు లేదా 5 సర్వర్లు అడిగేదాకా యాక్టివేషన్ మొదలు కాదన్న నియమం చిన్న సంస్థలకు ఇబ్బంది. అంతకన్నా పెద్ద చిక్కు ఆ 180 రోజుల వెసులుబాటులోనే ఉంది. సర్వర్ మూలపడినా నెలల తరబడి ఎవరికీ తెలియదు, తెలిసేసరికి ఒకదాని వెంట ఒకటి యంత్రాలు ఫిర్యాదు చేస్తాయి. ఫ్లెక్స్‌నెట్ ఈ విషయంలో కఠినమైనదే అయినా, తప్పు జరిగిన రోజే తెలియజేస్తుంది. నేను దాన్నే ఎంచుకుంటాను.

నా అసంతృప్తి ఉపకరణం మీద కన్నా లైసెన్స్ జారీ చేసే తీరు మీద ఎక్కువ. ఒక కంపెనీ కొత్త ఫైలును గడువు ముగిసే రోజు సాయంత్రం దాకా పంపకపోవడం, పంపిన ఫైలులో ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ హోస్ట్ ఐడీ ఉండటం నేను చూశాను. అందుకే స్టాట్ పట్టికలోని తేదీలను రోజూ చదివి, గడువుకు 60 రోజుల ముందు మెయిల్ పంపే చిన్న స్క్రిప్టును నడుపుతున్నాను. ఆ మెయిల్‌లో సర్వర్ పేరు, హోస్ట్ ఐడీ, ఇప్పుడున్న ఫీచర్ల సంఖ్య కూడా చేర్చాను. కొనుగోలు విభాగం దాన్ని ఉన్నది ఉన్నట్టు కంపెనీకి పంపితే, సరైన యంత్రానికి సరైన ఫైలు తిరిగి రావడానికి అవసరమైనవన్నీ అందులో ఉంటాయి.