స్వతంత్ర చేరిక, సహాయక చేరిక: మానసిక వైద్యశాలలో రెండు దారులు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఎర్రగడ్డలోనైనా విశాఖలోనైనా, పెద్దవారు మానసిక వైద్యశాలలో చేరే దారులు ప్రధానంగా రెండు.

86వ సెక్షన్ కింద తానే కోరి చేరిన వ్యక్తికి ఎరుకతో కూడిన సమ్మతి లేకుండా చికిత్స చేయరాదు. ఇంటికి వెళతానంటే పంపించాలి. ప్రమాదం ఉందని నిపుణులు భావిస్తే మాత్రం పరీక్ష కోసం 24 గంటల వరకు ఆపవచ్చు.

రోగి తానే నిర్ణయం తీసుకోలేని స్థితిలో 89వ సెక్షన్ కింద జరిగే సహాయక చేరికకు ఇంట్లోవారి సంతకం చాలునన్న నమ్మకం మనలో బలంగా ఉంది, అది తప్పు. రోగి తరఫున వ్యవహరించే ప్రతినిధి (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) దరఖాస్తు చేసినా, చేరే రోజున లేదా అంతకు ముందు ఏడు రోజులలోపు ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. ఈ చేరిక గడువు 30 రోజుల వరకు. రోగుల హక్కులను చూసే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు చేరిక సంగతి 7 రోజుల్లో, మహిళలైతే 3 రోజుల్లో తెలియజేయాలి. నిర్ణయ సామర్థ్యాన్ని ప్రతి 7 రోజులకూ సమీక్షించాలి. రోగి స్వయంగా బోర్డును ఆశ్రయించవచ్చు, కానీ ఆ మాట వార్డులో ఆయనకు ఎవరైనా చెబితేనే ఆ హక్కుకు విలువ.

వీలైనంతవరకు మొదటి దారే మేలని నా దృఢాభిప్రాయం. రెండోది తప్పనప్పుడు ప్రతినిధి ఎవరన్నదే కీలకం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, తాను నమ్మిన స్నేహితుడినైనా సరే, తెల్లకాగితంపై రాసి సంతకం లేదా వేలిముద్రతో నియమించుకునే వీలును 14వ సెక్షన్ ఇస్తోంది.