క్లారినెట్ ప్యాడ్ల కోసం బెజవాడ వెళ్ళి గుంటూరులో తేలాం

క్లారినెట్‌కి లెదర్ ప్యాడ్లు (కీల కింద ఉండి రంధ్రాలు మూసే గుండ్రటి మెత్తలు) కొనడానికి బెజవాడ వెళ్ళేవాళ్ళు జేబులో అగ్గిపెట్టె పెట్టుకుని వెళ్ళండి. సిగరెట్టు అలవాటు లేకపోయినా సరే. అది లేకే మేము 1,650 రూపాయలు పోగొట్టుకున్నాం.

మా మామయ్య తాడేపల్లిగూడెం దగ్గర పెళ్ళిళ్ళ బ్యాండులో ముప్ఫై ఏళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్నాడు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సీజన్లో ఆయన పక్కన నిలబడుతుంటాను. మాఘమాసం ముహూర్తాలు ఇంకో పది రోజులున్నాయనగా ఆయన క్లారినెట్ కింది స్వరాలు పలకడం మానేసింది. పైస్థాయి బాగానే ఉంది, కుడిచేతి చిటికెన వేలు పడేసరికి కీచుమంటోంది. విప్పి చూస్తే కింది ముక్కలో పెద్ద ప్యాడ్లు రెండింటికి పొర చిరిగి లోపలి ఫెల్టు బయటికొచ్చింది. ఈసారి తోలు ప్యాడ్లే వేయించాలని ఆయన పట్టు. పొర ప్యాడ్లు మార్చీ మార్చీ విసిగిపోయాడు.

మధ్యాహ్నం బడి అయ్యాక రత్నాచల్ ఎక్కి, చీకటి పడ్డాక బెజవాడలో దిగాం. రైలు గురించి చెప్పుకోడానికేం లేదు. మామయ్యకి కిటికీ సీటు దొరికింది, ఏలూరు దాకా నిద్రపోయాడు.

స్టేషన్ నుంచి 80 రూపాయల ఆటోలో గవర్నరుపేట వైపు ఒక వాయిద్యాల షాపుకి వెళ్ళాం. పేరు రాయను. బయటంతా గిటార్లు, కీబోర్డులు. క్లారినెట్ అనగానే కుర్రాడు మమ్మల్ని పాతసామాన్లు కొనేవాళ్ళని చూసినట్టు చూశాడు. "లెదరే కదా సార్? ఉంది, ఇంపోర్టెడ్" అని ప్లాస్టిక్ కవర్లో సీలు వేసిన సెట్టు తెచ్చాడు. తెల్లగా, నున్నగా 17 ప్యాడ్లు. 1,850 అన్నాడు, మామయ్య బేరమాడి 1,650కి దింపాడు. సీలు తీసి చూస్తామన్నాను. "తీస్తే రిటర్న్ లేదు సార్." తియ్యకపోతే? "అప్పుడూ లేదు సార్." అక్కడే లేచి వచ్చెయ్యాల్సింది. బిల్లడిగితే రేటు మారుతుందన్నాడు. మామయ్య బేరం గెలిచిన ఆనందంలో ఉన్నాడు, నేను నోరు మూసుకున్నాను.

లాడ్జి బస్టాండుకి దగ్గర. రెండు మంచాల గది 1,300, అడ్వాన్సు ఇంకో 500. గదికి కిటికీ ఉంది, తెరిస్తే వరండా. జనవరి చలిలో వేడినీళ్ళు పొద్దున 6 నుంచి 7 దాకా మాత్రమేనని తలుపు వెనకాల కాగితం అంటించారు. దుప్పటి మీద ఎవరిదో టీ మరక. ఇవన్నీ భరించేవాళ్ళమే, చేతిలో మంచి సరుకుందన్న ధీమా అలాంటిది.

తువ్వాలు పరిచి, క్లారినెట్ విప్పి, కొత్త ప్యాడు ఒకటి కీ గిన్నెలో పెట్టి చూశాడు మామయ్య. కూర్చోలేదు. ఇంకోటి కూర్చుంది గానీ మందం ఎక్కువై గిన్నె అంచు దాటి ఉబ్బుగా నిలబడింది. అలా ఉంటే కీ మూసినప్పుడు వెనకవైపు ముందు తగిలి, ముందువైపు గాలి పోతుంది. నాకు అనుమానం వచ్చి దీపం కింద అంచు గీరాను. పైన మెరుపు పొట్టులా లేచింది, దాని కింద తెల్లటి నేత గుడ్డ. తోలుకి నేత ఎక్కడిది? కింద బంకులో అగ్గిపెట్టె కొనుక్కొచ్చి ఒకదాన్ని అంటించాం. అసలు తోలయితే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి బొగ్గులా అవుతుంది. ఇది ముడుచుకుని, కరిగి, నల్లటి బొట్టుగా నేల మీద పడింది. గదంతా ప్లాస్టిక్ కంపు. రెక్సిన్!

మామయ్య ఒక్క మాట అనలేదు. అన్నం తినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊరేగింపు అయ్యాక పెళ్ళివారు డబ్బులెగ్గొట్టిన రోజున కూడా ఆయన ముఖం అలా చూడలేదు.

పొద్దున ఖాళీ చేస్తుంటే అడ్వాన్సులో 200 కోసుకున్నారు. గదిలో సిగరెట్లు కాల్చారట. సిగరెట్టు కాదండీ, క్లారినెట్ ప్యాడు కాల్చాం అన్నాను. "ఏదైనా పొగే కదా సార్" అన్నాడు మేనేజరు. ఆ లాజిక్కుకి నా దగ్గర జవాబు లేదు.

షాపు పదిన్నర దాకా తెరవలేదు. ఈసారి ఓనరే ఉన్నాడు. సీలు తీశారు, పైగా ఒకటి కాల్చారు, ఎలా తీసుకుంటానండీ అని మనకే నీతులు చెప్పాడు. చివరికి విసుక్కుంటూ రెండున్నర నంబరు రీడ్లు (ఊదే చోట బిగించే పలుచని రెల్లు పలకలు) రెండు చేతిలో పెట్టాడు. రీడ్లు మాత్రం మంచివే, అబద్ధమెందుకు. మెట్లు దిగుతుంటే హార్మోనియం సంచి మోసుకొస్తున్న ఒకాయన మా గొడవ విని, "ఇక్కడెందుకండీ, గుంటూరు కొత్తపేటలో పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గరికెళ్ళండి" అని సందు గుర్తులు చెప్పాడు. అమ్మవారి దర్శనం కుదరలేదు. మామయ్య బస్టాండు నుంచే కొండకి దణ్ణం పెట్టాడు.

కొత్తపేట సందులో అది షాపు కాదు, పది అడుగుల గది. గోడకి షేక్ చినమౌలానా సాహెబ్ ఫోటో. సన్నాయి విద్వాంసుడి ఫోటో ఉన్నచోట మోసం జరగదని మామయ్య నా చెవిలో అన్నాడు. పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. మేము లెదర్ ప్యాడ్లు అనగానే, "ముందు రోగమేందో చూద్దాం మాస్టారూ, మందు తర్వాత" అని క్లారినెట్ తీసుకున్నాడు. పై ముక్క కింది కొసని అరచేత్తో మూసి, రంధ్రాల మీద వేళ్ళు పెట్టి, పై కొస నుంచి గాలి పీల్చాడు. పీల్చి వదిలితే ముక్క పెదవికి కాసేపు అతుక్కుని ఉండాలట. వెంటనే ఊడిపోయింది. తర్వాత సిగరెట్టు కాగితం సన్నగా పీలిక కోసి ఒక్కో ప్యాడు కింద పెట్టి, కీ మూసి లాగుతూ పోయాడు. గట్టిగా పట్టుకుంటే మంచి ప్యాడు, జారిపోతే అక్కడే లీకు. చిరిగిన రెండూ సరే, పై ముక్కలో కుడిచేతి పక్క కీల దగ్గర కూడా రెండు చోట్ల కాగితం జారింది. పైన లీకున్నా కింది స్వరాలే చెడతాయట. అంటే మేము కొన్న సెట్టు అసలు తోలే అయినా, కింది రెండే మార్చుకుని ఇంటికి పోయేవాళ్ళం, కీచుమనడం ఆగేది కాదు.

పదిహేడూ తోలువే వెయ్యమన్నాడు మామయ్య. పెద్దాయన ఒప్పుకోలేదు. "అన్నీ తోలేస్తే నీ క్లారినెట్ దుప్పటి కప్పుకుని పాడినట్టుంటది." కింది ముక్కలో పెద్దవి ఐదింటికి తోలు వెయ్యాలట. మెత్తగా, చప్పుడు లేకుండా మూసుకుంటాయి, ఎన్ని ఊరేగింపులైనా చిరగవు. పై ముక్కలో చిన్నవాటికి పొర ప్యాడ్లే స్పష్టంగా పలుకుతాయి, అదీ రెండు పొరలది. ఊదేటప్పుడు తేమ చేరేది ఎక్కువగా పైనే. అక్కడ తోలు మాటిమాటికీ తడిసి ఆరితే బిగుసుకుపోతుంది. ఎడమ బొటనవేలి దగ్గర స్థాయి మార్చే కీకి మాత్రం బెండు చాలన్నాడు. ఈ పొరనే ఫిష్ స్కిన్ అంటారు గానీ చేపతో దానికి సంబంధం లేదు, పశువుల పేగు మీది పలుచని పొర అది. మెత్తటి దిండు ప్యాడ్లతో ఇవాన్ ముల్లర్ అనే క్లారినెట్ విద్వాంసుడు 1812లో 13 కీల క్లారినెట్ తెచ్చి చూపిస్తే పారిస్ కన్సర్వేటరీ (అక్కడి సంగీత కళాశాల) పెద్దలు వద్దన్నారు. ఎక్కడైనా పెద్దవాళ్ళ వరసే అంత.

సైజు కళ్ళతో చూసి చెప్పలేదాయన. పాత లక్క గీరేసి, గిన్నె లోపలి కొలత వెర్నియర్‌తో తీశాడు. చిన్నవి 10 మి.మీ. లోపు, పెద్దవి 16, 17. మూడు డబ్బాలు ముందు పెట్టి తోలు ప్యాడ్ల మీద గోటితో నొక్కి చూపించాడు. మేకపిల్ల తోలు మీద సన్నటి ముడతలు పడి నెమ్మదిగా పోతాయి, దగ్గరగా చూస్తే సూదిమొనంత రంధ్రాలు కనపడతాయి. ప్యాడు పక్కన సూదితో ఒక పోటు పొడిచి, వేడికి లోపలి గాలి ఉబ్బకుండా, గిన్నెలో లక్క కరిగించి కూర్చోబెట్టాడు. కీ మూసి దారంతో కట్టి, "మూడు గంటలు ఇట్టా ఉండనియ్యండి, ఈలోపు భోజనం చేసి రండి" అన్నాడు.

భోజనం అరండల్‌పేటలో ఒక మెస్సులో, మనిషికి 120. పప్పు, కూర మామూలే. కానీ ఆ పండుమిరపకాయల పచ్చడి! నిన్న రాత్రి నుంచి నోరు తెరవని మామయ్య మూడు సార్లు అన్నం పెట్టించుకుని, ముక్కు తుడుచుకుంటూ, "ఒరేయ్ అల్లుడూ, ఆ రెక్సిన్ వాడిని ఇక్కడికి తీసుకొచ్చి ఉత్త పచ్చడి తినిపించాల్రా" అన్నాడు. ఆ మాటతో నా టెన్షన్ సగం తీరింది.

తిరిగి వెళ్ళేసరికి దారాలు విప్పేశాడు. మామయ్య రీడు తడిపి, వేళ్ళన్నీ మూసి అడుగు స్వరం పట్టాడు. గది దాటి సందులోకి పోయింది. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. ఖర్చు తోలు ప్యాడ్లు ఐదు 350, పొరవి నాలుగు 140, బెండు 40, మజూరీ 700, మొత్తం 1,230. బెజవాడలో ఒక్క చెత్త సెట్టుకి ఇచ్చినదానికంటే తక్కువ.

డబ్బులు తీస్తుంటే సంచిలోంచి ఆ రెక్సిన్ కవరు జారి కింద పడింది. పెద్దాయన తీసి, ఒకటి వేళ్ళ మధ్య నలిపి, "పారేస్తారా? హార్మోనియం మెట్ల కింద పనికొస్తాయి" అన్నాడు. పదహారూ ఇచ్చేశాం. బిల్లులో 30 రూపాయలు తగ్గించుకున్నాడు.