డిష్‌వాషర్ కింద స్టాండ్ తీసేశాక

డిష్‌వాషర్ మోత భరించలేకపోతున్నామనే వాళ్లకి నేను ముందు చెప్పేది ఒక్కటే. దాని కింద చక్రాల ఇనుప స్టాండ్ ఉంటే తీయించేయండి. ఖర్చు పెట్టే పనులన్నీ ఆ తర్వాతే. అంట్లు ఎంత బాగా తోముతుంది, నీళ్లెన్ని పడతాయి, కరెంటెంత కాలుతుంది అనేవి అందరూ రాసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మాది హైదరాబాద్‌లో ఫ్లాటు. మెషీన్ యుటిలిటీలో ఉంటుంది, గోడకి అవతల అత్తయ్యగారి గది. బిగించడానికి వచ్చినతను "స్టాండ్ లేకపోతే కింద తుప్పు పడుతుంది మేడమ్, అందరూ తీసుకుంటున్నారు" అని 1500 రూపాయలకి ఒకటి అంటగట్టాడు. బోలు ఇనుప గొట్టాలు, కింద నాలుగు చక్రాలు. "రాత్రిళ్లు పిండిమిల్లు ఆడుతున్నట్టుందమ్మా" అనేవారు అత్తయ్య. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ మోడల్ 49 డెసిబెల్స్ అండీ, అది నార్మలే" అన్నారు. ఆ 49 ల్యాబ్‌లో కొలిచిన లెక్క. మన స్టాండూ, మన టైల్సూ అందులో ఉండవు. పైగా పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. నిద్ర చెడగొట్టేదాన్ని నార్మల్ అని ఎలా అంటారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకరోజు మెషీన్ నడుస్తుండగా ఒక్కోచోటా చెయ్యి ఆనించి చూశాను. తలుపు దగ్గర పెద్దగా ఏమీ లేదు. పక్క రేకు సన్నగా అదురుతోంది. స్టాండ్ గొట్టం పట్టుకుంటే మాత్రం చెయ్యి జివ్వుమంది! వాషింగ్ మెషీన్‌లా ఇందులో డ్రమ్ము తిరగదు. నీళ్లు చిమ్మే పంపు మోటారు సన్నగా, ఆగకుండా అదురుతూ ఉంటుంది. ఆ అదురు బోలు గొట్టాల్లోకి దిగి, అక్కడ పెరిగి, చక్రాల మీదుగా నేలకి పాకుతోంది.

నీళ్ల ట్యాప్ కట్టేసి, ప్లగ్ తీసి, మావారూ వాచ్‌మనూ కలిసి మెషీన్‌ని నేల మీదకి దించారు. కాళ్ల కింద దళసరి రబ్బరు ప్యాడ్లు పెట్టాం. పక్క ఫ్లాట్లో పని చేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పైన పెడితే, వెనక ఒక కాలు గాల్లోనే ఉన్నట్టు తేలింది. దాన్ని తిప్పి దించాం. మోత కొలిచే ఫోన్ యాప్ లెక్క అంత కచ్చితం కాదు గానీ, అదే చోట అదే ప్రోగ్రాంకి 58 దగ్గర ఆడే అంకె 51కి దిగింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఆ ఊపులో కారు తలుపులకి లోపల వేసే నల్ల తారు షీట్ తెచ్చి రెండు పక్కలా బయటివైపే అంటించాను. మరలు విప్పితే వారంటీ గొడవ కదా. రేకుని వేలితో కొడితే డంగుమనేది, ఇప్పుడు దబ్బుమంటుంది. అడుగుభాగం, గాలి ఆడే సందులు మూయకూడదు. ఈ షీట్ గురించి తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. మొదట్లో వేడి ప్రోగ్రాం వేసినప్పుడల్లా తారు వాసన వచ్చేది, ఎండాకాలంలో అంచులు లేచాయి. తగ్గిన మోతలో ఎక్కువ భాగం స్టాండ్ తీయడం వల్లే. రబ్బరు ప్యాడ్లు కూడా తలుపు వైపువి అణిగిపోయాయి. అప్పుడప్పుడు మట్టం మళ్లీ చూసుకోవాలి.

పైసా ఖర్చు లేనివీ ఉన్నాయి. పల్చటి స్టీలు కంచాలు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. టక్‌టక్‌మని వస్తుంటే పొడుగు గరిటె కాడ నీళ్లు చిమ్మే రెక్కకి తగులుతున్నట్టే. తలుపు వేసేముందు రెక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. నీళ్లు బయటికి పోయే పైపు గోడకి కొట్టుకోకుండా గుడ్డపీలికతో కట్టాను. గరగరమని నలిగే చప్పుడు వస్తే మాత్రం ప్యాడ్లూ షీట్లూ పనిచేయవు. ఫిల్టర్ తీసి చూడండి, పంపు దగ్గర నిమ్మగింజో గాజు ముక్కో ఇరుక్కుని ఉండొచ్చు.

మా యుటిలిటీకి తలుపుంది కాబట్టి ఈ మాత్రం తగ్గడం మాకు సరిపోయింది. హాల్లోకి తెరుచుకునే ఓపెన్ కిచెన్ అయితే సరిపోతుందని చెప్పలేను. బేరింగ్ అరిగిన పాత మెషీన్‌కి మెకానిక్ కావాల్సిందే. స్టాండ్ తీశాక కింద తుడవడం కష్టమైన మాట నిజం. మాకు నీళ్లు నిలవవు కాబట్టి ఇబ్బంది లేదు. వానజల్లు కొట్టే బాల్కనీ అయితే చిన్న సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద పెట్టుకోండి.